కోరానికి ఒక్కరు తక్కువ

శనివారం తెల్లవారేసరికి నైదెన్ పాత మోస్క్విచ్ కారు గెర్గినా ఇంటి ముందుకొచ్చి ఆగింది. ఆగాక కూడా కాసేపు వణుకుతూనే ఉంది.

గెర్గినా అంతకు గంట ముందే తయారైంది. నల్లకోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వంటింటి కుర్చీలో కూర్చుంది. పొయ్యి ఆర్పానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకుంది. కోళ్ళకు రెండు రోజుల గింజలు పోసింది. ఉడకబెట్టిన గుడ్లు పది, ఎర్ర మిరప పచ్చడి సీసా, ఉప్పు జున్ను ముక్క, అన్నీ మూటగట్టింది. పార్టీ నియమావళి పుస్తకం సంచిలో ఉందో లేదో తడిమి చూసుకుంది. ఆమె బడికి వెళ్ళింది నాలుగేళ్ళే. అయినా ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన మనిషి ఆ ఊళ్ళో ఆమె ఒక్కతే.

పక్క గోడలోని చిన్న తలుపు తోసుకుని రుసంకా వచ్చింది.

"ఇంకా కూర్చునే ఉన్నావా అక్కా? పుట్టేటప్పుడు కూడా నువ్విలాగే కోటు తొడుక్కుని తలుపు దగ్గర కాచుకుని ఉండుంటావు."

"ఆలస్యమైతే వదిలేసి పోతాడేమోనని."

"ఎలా పోతాడు? ఆ కారుని తోసే వాళ్ళం మనమేగా."

వాళ్ళిద్దరూ తోడికోడళ్ళు. గెర్గినాకు డెబ్బై రెండు, రుసంకాకు అరవై ఎనిమిది. ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్ళు. గోడలో ఆ తలుపు మామగారు పెట్టించింది, కొడుకులిద్దరూ వీధిలోకి పోకుండా ఒకరింటికొకరు వెళ్ళాలని. పెద్దకొడుకు కామెన్ గెర్గినా భర్త, చిన్నవాడు లోజాన్ రుసంకా భర్త. ఇద్దరూ నాగలి పార్టీ మనుషులే. రెండో ప్రపంచ యుద్ధం అయిన తర్వాత పార్టీ చీలింది. ఆ రోజు మహాసభలో కామెన్ హాల్లో ఉండిపోయాడు, లోజాన్ లేచి బయటకు నడిచాడు. ఇంటికొచ్చాక ఒకడు ఇటుకలు తెచ్చాడు, ఇంకొకడు సున్నం కలిపాడు. ఇద్దరూ మాట్లాడుకోకుండా, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఆ తలుపుని కలిసి మూసేశారు. తర్వాత ముప్పై ఒక్కేళ్ళు మాటల్లేవు. కామెన్ శవపేటికలో పడుకున్నాక లోజాన్ వచ్చి తల దగ్గర నిలబడి "అన్నా" అన్నాడు. అంతే. మరో నాలుగేళ్ళకు ఆయనా పోయాడు. ఆయన నలభయ్యో రోజు కార్యం అయిన మర్నాడు తోడికోడళ్ళిద్దరూ చెరో సుత్తి పట్టుకుని ఇటుకలు పగలగొట్టేశారు.

ఇప్పుడు నాగలి పార్టీ మళ్ళీ చీలేలా ఉంది. ఆదివారం పొద్దున ప్లోవ్‌దివ్‌లో మహాసభ. ఒక పెద్ద పార్టీలో విలీనం కావాలా వద్దా అని ఓటు. ఊరి శాఖకు అధ్యక్షుడు నైదెన్, వద్దనేవాడు. రుసంకా కావాలనేది. ముగ్గురే ప్రతినిధులు, ఒకటే కారు. గెర్గినాని ఇద్దరూ అడిగారు. ఇద్దరికీ ఆమె "చూద్దాం" అంది.

ఎదురింటావిడ చెంబెడు నీళ్ళు కారు ముందు రోడ్డు మీద పారబోసింది, ప్రయాణం నీళ్ళలా సాగాలని. రుసంకా వెనక సీట్లో గెర్గినా పక్కన సర్దుకుంది. కారు బయలుదేరింది.

పెట్రోహాన్ కనుమ మీద పొగమంచు. మలుపు మలుపుకీ గెర్గినా ముందు సీటు వీపు పట్టుకుంటోంది. నైదెన్‌కు అరవై దాటాయి, ట్రాక్టర్ల డిపోలో పనిచేసి రిటైరయ్యాడు. దారి చూడకుండా అద్దంలో వీళ్ళని చూస్తూ మాట్లాడతాడు.

"రేపు ఓటుకి ముందు విలీనం వద్దనే మన పెద్దాయన టోపీ తీసి పైకెత్తుతాడు. అది చూడగానే లేచి తలుపు వైపు నడవడమే. మనవాళ్ళందరూ బయటికొస్తే వాళ్ళకి కోరం ఉండదు. ఓటూ లేదు, విలీనమూ లేదు."

"టోపీ లేస్తే లేవడానికి మేమేం గొర్రెలమా?" అంది రుసంకా.

"పోయి పెద్ద మందలో కలిసేది ఎవరు రుసంకక్కా? గొర్రెలెవరో మీరే చెప్పండి."

"మందలో కలిస్తే తోడేలు ఒక్కదాన్నే పట్టుకుపోదు. నీ వెనకొస్తే ఊళ్ళో మొత్తం ఆరుగురం మిగులుతాం. అందులో ఇద్దరు మంచం పట్టినవాళ్ళు."

"మంచంలో ఉన్నా మనవాళ్ళు మనవాళ్ళే."

"గుడ్డు తింటావా నైదెన్?" అంది గెర్గినా.

వాళ్ళ గొంతులు లేచినప్పుడల్లా ఆమె ఒక గుడ్డు వలిచి ఎవరో ఒకరి చేతిలో పెడుతోంది. నోట్లో గుడ్డుంటే మాట రాదు కదా. సోఫియా దాటేసరికి పది గుడ్లూ అయిపోయాయి. అక్కణ్ణుంచి ఇంకా నూట యాభై కిలోమీటర్ల దారి. గెర్గినా కిటికీలోంచి కోసేసిన పొద్దుతిరుగుడు చేలను చూస్తూ ఒకటే ఆలోచిస్తోంది. రేపు వీళ్ళల్లో ఒకరు హాల్లో ఉండి, ఒకరు బయటికి నడిస్తే, సాయంత్రం ఈ కార్లో ముగ్గురం ఎలా కూర్చుంటాం? రుసంకా ఎటు ఉంటే నేను అటు లేకపోతే, ఇంటికెళ్ళాక ఏమవుతుంది?

ప్లోవ్‌దివ్‌లో పేర్లు నమోదు చేసుకుంటే ఒక్కొక్కరికీ నారింజ రంగు అట్ట ఇచ్చారు. ఓటప్పుడు ఎత్తాల్సింది దాన్నే. గెర్గినాది నాలుగు వందల పద్దెనిమిది. సంతకం పెట్టే ముందు ఆమె తన పేరు రెండుసార్లు చదువుకుంది. బల్ల వెనకావిడ నవ్వి, "భయపడకమ్మా, పెళ్ళి రిజిస్టర్ కాదిది," అంది.

ప్రతినిధులకు బస ఒక వృత్తి విద్యా బడి హాస్టల్లో. తోడికోడళ్ళకు ఒకే గది, రెండు ఇనుప మంచాలు. రుసంకా సాక్సులు విప్పి మోకాళ్ళకు రకియా రాసుకుంటోంది. గదంతా ప్లం పళ్ళ సారా వాసన.

"తాగాల్సింది కాళ్ళకు పోస్తున్నావు," అంది గెర్గినా.

"కాళ్ళే ముందు తాగనీ. వాటికే ఎక్కువ కష్టం." సీసా మూత బిగిస్తూ అంది, "అక్కా, ఆ పెద్ద పార్టీ ఎంపీ మాటిచ్చాడు, మన ఊరి బస్సు తీసేయనివ్వనని. మనం వాళ్ళల్లో కలిస్తే."

"ఎంపీల మాటలు నీకు కొత్తా?"

"కొత్త కాదు. కానీ నైదెన్ వాళ్ళ పెద్దాయన ఉత్త మాట కూడా ఇవ్వలేదు. బస్సు డిసెంబరు ఆఖరుదాకానే అంటున్నారు. గురువారం గురువారం మోంతానా పట్నంలో సూది వేయించుకోకపోతే ఈ మోకాళ్ళు వంగవని తెలుసుగా నీకు."

"తెలుసు."

"రేపు నా పక్కన కూర్చో. ఇంకేం అడగను. కూర్చో, చాలు."

గెర్గినా దీపం ఆర్పింది. "చూద్దాం" అనబోయి, ఆ మాట తనకే సిగ్గనిపించి ఊరుకుంది.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. నియమావళి ప్రకారం ఎన్నికైన ఆరు వందల పన్నెండు మందిలో మూడు వందల ఏడుగురు హాల్లో ఉంటేనే ఓటు చెల్లుతుంది. గెర్గినా రుసంకా పక్కనే కూర్చుంది. రెండు వరసల ముందు నైదెన్. అతను పది నిమిషాలకోసారి వెనక్కి తిరిగి ఆమెని చూస్తున్నాడు. మూడో వరసలో గొర్రెచర్మం టోపీ పెట్టుకుని వాళ్ళ పెద్దాయన. గెర్గినా ఉపన్యాసం ఒక్కటీ వినలేదు. ఆ టోపీనే చూస్తూ కూర్చుంది. పెద్దాయన బుగ్గ గోక్కున్నా ఆమె కుర్చీ అంచుకు జరుగుతోంది.

వేదిక మీద ఎవరో "ఇక మూడో అంశం" అన్నారు. పెద్దాయన చేయి మెల్లగా పైకి కదిలింది.

గెర్గినా లేచి నిలబడింది.

"ఎక్కడికి?" అంది రుసంకా.

"గుండె మాత్ర. కోటులో మరచిపోయాను."

మాత్ర కోటులో లేదు, చేతిసంచిలోనే ఉంది. ఆమె పక్క తలుపులోంచి బయటపడి, కోట్లు దాచే గదికి చేరింది. ఒక ముసలామె బల్ల వెనక స్వెట్టరు అల్లుకుంటోంది. ఆ బల్ల పక్కన కుర్చీ చూపించింది. గెర్గినా కోట్ల మధ్య కూర్చుంది. నేను లేకుండా అయిపోనీ, అనుకుంది. వాళ్ళు గెలవనీ, వీళ్ళు గెలవనీ, నా చేయి మాత్రం దాంట్లో వద్దు. అన్ని వందల మందిలో ఒక ముసల్దాన్ని ఎవరు లెక్కపెడతారు?

రెండు నిమిషాల్లో పెద్ద తలుపులు తెరుచుకున్నాయి. జనం అరుస్తూ పాడుతూ బయటికొచ్చారు. ఒకరి కండువా ఒకరు లాక్కున్నారు, ఎవరిదో టోపీ కింద పడింది, ఎవరో ఎవరినో "అమ్ముడుపోయినోడా!" అన్నారు. అందరూ ముందు వాకిలి గుండా ఆవరణలోకి వెళ్ళిపోయారు. తలుపులు మళ్ళీ మూసుకున్నాయి. అల్లుకునే ఆవిడ కళ్ళెత్తకుండా, "ప్రతిసారీ ఇంతే," అంది. "కోట్లు మాత్రం ఇక్కడే వదిలేస్తారు. చలేసినప్పుడు వస్తారు."

లోపల చాలాసేపు లెక్క జరిగింది. తర్వాత మైకులో గొంతు వినిపించింది.

"హాజరు మూడు వందల ఆరు. కోరానికి ఒక్కరు తక్కువ."

హాలు ఒక్కసారి ఘొల్లుమంది. మళ్ళీ గొంతు.

"సంఖ్య నాలుగు వందల పద్దెనిమిది. సంతకం ఉంది, బయటికెళ్ళినవాళ్ళు తలుపు దగ్గర పడేసిన అట్టల్లో ఆ అట్ట లేదు. నాలుగు వందల పద్దెనిమిదో ప్రతినిధి ఎక్కడున్నారు?"

గెర్గినా చేతిలోని అట్టను చూసుకుంది. నియమావళంతా చదివింది, కోరం గురించి తెలుసు, అయినా ఆ ఒక్కరు తానే అవుతానని ఆమెకు ఒక్క క్షణం కూడా తట్టలేదు.

పక్క తలుపులోంచి రుసంకా కుంటుకుంటూ వచ్చింది. అదే సమయానికి ముందు వాకిలిలోంచి నైదెన్ పరుగెత్తుకొచ్చాడు, చలికి ముక్కు ఎర్రబడి ఉంది.

"గెర్గినక్కా, మీరింకా ఇక్కడే ఉన్నారా! రండి బయటికి. లోపలికి మాత్రం అడుగు పెట్టకండి."

"ఆవిడ లోపలికే వస్తుంది," అంది రుసంకా. "లే అక్కా."

"ఒక్కరు, రుసంకక్కా! ఒక్కరు తక్కువయ్యారు మీకు! దేవుడున్నాడు!"

"దేవుడున్నాడు కాబట్టే ఈవిడ ఇంకా బయటికి పోలేదు. అక్కా, ఇరవై అడుగులు. అంతే."

ఇద్దరూ చెరో వైపు నిలబడ్డారు. గెర్గినాకు కామెన్, లోజాన్ గుర్తొచ్చారు. ఒకడు లోపల, ఒకడు బయట. తాను లోపలికెళితే ఈ రోజుతో అయిపోతుంది. నైదెన్ వాళ్ళు కొత్త జెండా కుట్టుకుంటారు, ఊళ్ళో పార్టీ గదికి రెండు తాళాలు పడతాయి, ఆరుగురు ముసలాళ్ళు ముగ్గురూ ముగ్గురూ అవుతారు. వెళ్ళకపోతే? నియమావళిలో ఉంది, పదకొండో పేజీ. కోరం లేకపోతే మూడు నెలల్లోపు మళ్ళీ సభ. మూడు నెలలు. మూడు నెలలపాటు ఎవరూ ఎవరినీ వదిలి వెళ్ళరు.

"నేను రాను," అంది గెర్గినా రుసంకాతో. నైదెన్ వైపు తిరిగి, "నీతోనూ రాను," అంది.

"ఏమిటి?" అంది రుసంకా.

"నా కాళ్ళు రావడం లేదు."

"నీ కాళ్ళకేం? కాళ్ళు పోయింది నాకు!"

గెర్గినా తల దించుకుని అట్టను రెండు చేతుల మధ్య నొక్కిపట్టుకుంది. రుసంకా ఆమెని చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. లోపల గంట మోగింది. సభ వాయిదా పడింది. రుసంకా కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

కారు దగ్గర నైదెన్ కుర్రాడిలా గెంతుతున్నాడు. "మీరు బంగారం గెర్గినక్కా. పెద్దాయన మీ పేరడిగాడు." గెర్గినాకు ఆ మాటలు చెవికెక్కలేదు. ఆవరణ అవతల విలీనం కావాలనేవాళ్ళ బస్సు ఇంజను నడుస్తోంది. దాని మెట్టు మీద ఒక కాలు పెట్టి రుసంకా ఎవరితోనో మాట్లాడుతోంది. ఆ బస్సు మోంతానా మీదుగానే పోతుంది. ఎక్కితే ఎక్కవచ్చు.

"బయలుదేరదామా? చీకటి పడకముందే కనుమ దాటాలి," అన్నాడు నైదెన్.

"ఆగు."

"ఆవిడ అందులో వచ్చేలా ఉంది."

"ఆగమన్నానా!"

రుసంకా మెట్టు మీంచి కాలు తీసింది. కుంటుకుంటూ ఇటే వచ్చింది. కారు ముందు తలుపు తెరిచి నైదెన్ పక్కన కూర్చుంది. ముందు సీట్లో ఆమె ఎప్పుడూ కూర్చోదు.

సోఫియా దాకా రుసంకా ఒక్క మాట మాట్లాడలేదు. గెర్గినా రొట్టె కోసి, జున్ను పెట్టి ముందుకు చాపింది. రుసంకా తీసుకోలేదు. చాపిన చేయి కాసేపలాగే ఉండి వెనక్కొచ్చింది. "చలిగా ఉందా?" అని అడిగింది. రుసంకా కోటు కాలరు పైకి లాక్కుంది. మొదట్లో ఈల వేసిన నైదెన్ కూడా ఆపేశాడు. గెర్గినా ముందున్న బూడిదరంగు తలగుడ్డ ముడిని చూస్తూ కూర్చుంది. ముప్పై ఒక్కేళ్ళు ఎలా మొదలవుతాయో ఆమెకు తెలుసు. ఇలాగే మొదలవుతాయి. రొట్టెముక్క తీసుకోకపోవడంతో, ఒక పూటతో. రాత్రికి అది అలవాటవుతుంది. మర్నాటికి ముందు మాట్లాడేది ఎవరన్న పంతం వస్తుంది. ఆపైన ఒకరు చచ్చిపోయేదాకా సమయం ఉందిలే అనుకుంటారు.

కనుమ మొదట్లో కారు ముందు నుంచి ఆవిరి లేచింది. నైదెన్ తిట్టుకుంటూ దిగి, డబ్బా పట్టుకుని రోడ్డు వారనున్న నీటి ధార దగ్గరికి నడిచాడు. కార్లో ఇద్దరే మిగిలారు.

"రుసంకా," అంది గెర్గినా. "నన్ను తిట్టు."

రుసంకా తలగుడ్డ ముడి బిగించుకుంది.

"నీకు పుణ్యముంటుంది, తిట్టు."

"తిడితే సరిపోతుందా?" రుసంకా ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. "ముసలి మొద్దూ! ఇరవై అడుగులు! మూడు వందల మంది నీకోసం కాచుకుని కూర్చుంటే కోట్ల మధ్య దాక్కుంటావా, ఎలకలా? పుస్తకం చదివావుగా! పుస్తకం చదివినదానివి నువ్వొక్కతివేగా!"

"మూడు నెలలు ఉంటుందనుకున్నాను. మూడు నెలలు మనం..."

"మూడు నెలలు! బస్సు రెండు నెలల్లో ఆగిపోతుంది. ఆగితే మా అమ్మాయి నన్ను మోంతానాకి తీసుకుపోతానంది, తన ఫ్లాటుకి. ఐదో అంతస్తు. గది కూడా ఖాళీ చేసి పెట్టింది. నాకు ఆ ఎంపీ మొహం ఇష్టమై విలీనం కావాలన్నాననుకున్నావా? ఆ బస్సు ఉంటే నేను ఊళ్ళో ఉంటాను. నీ పక్కనుంటాను. ఎవరి కోసం నా మోకాళ్ళీడ్చుకుంటూ రెండు వందల అరవై కిలోమీటర్లు వచ్చాననుకున్నావు?"

గెర్గినా ముందు సీటు వీపు పట్టుకుంది.

"నిన్న చెప్పొచ్చుగా," అంది.

"చెబితే నువ్వు నాకోసం ఓటేసినట్టవుతుంది. నీ అంతట నువ్వు వస్తావనుకున్నాను." రుసంకా ముక్కు తుడుచుకుంది. "బుద్ధి తక్కువ నాకు."

"నాకూ తక్కువే."

"నీకు తక్కువ కాదు. అసలు లేదు."

ఆ తిట్టు వినగానే గెర్గినా గుండెలో ఏదో కొంచెం వదులైంది. కానీ ఐదో అంతస్తు మాట అలాగే నిలబడి ఉంది. రెండు నెలలు. ఎనిమిది గురువారాలు. తొమ్మిదో గురువారం?

నైదెన్ డబ్బాతో వచ్చి బానెట్ ఎత్తాడు. గెర్గినా కారు దిగి అతని దగ్గరికెళ్ళింది. జీవితంలో ఎవరినీ ఏదీ గట్టిగా అడిగిన మనిషి కాదామె.

"నైదెన్, ఈ రోజు నీ పార్టీ బతికింది ఎవరివల్ల?"

"మీవల్లే గెర్గినక్కా. చెప్పానుగా, బంగారం మీరు."

"బంగారం సంగతి తర్వాత. బస్సు ఆగిపోతే గురువారం గురువారం రుసంకాని నువ్వే మోంతానా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తీసుకొచ్చి దించాలి."

నైదెన్ డబ్బా కింద పెట్టాడు. "గురువారమా? గురువారం సంత కదా అక్కా, నాకు..."

"సంత ఆసుపత్రి పక్కనే."

"ఈ డొక్కులో నేనెక్కను!" అని కార్లోంచి అరిచింది రుసంకా.

"ఎక్కే ఉన్నావు!" అని తిరిగి అరిచింది గెర్గినా. అతని వైపు తిరిగింది. "అవునను."

"సరే, అవును."

"ఇంకోసారి."

"అవునన్నానుగా! తీసుకెళ్తాను. మీ ఇద్దరూ కలిసి నన్ను చంపుతారు."

"ఓటప్పుడు మాత్రం నేను అటే," అంది రుసంకా కిటికీ దించి. "మళ్ళీ సభకి ఈవిడని జుట్టు పట్టుకుని లోపలికి లాక్కెళతాను, చూసుకో."

"చూద్దాం," అన్నాడు నైదెన్ గెర్గినా గొంతును అనుకరిస్తూ. రుసంకా నవ్వు ఆపుకోలేక కిటికీ ఎత్తేసింది.

గెర్గినా నవ్వలేదు. కనుమ మీద మబ్బు కిందికి దిగుతోంది. పైన మలుపులు కనబడటం లేదు. జనవరిలో ఇక్కడ నడుము లోతు మంచు ఉంటుంది, తమ ఊరి దారిలో ఇంకా ఎక్కువ.

"మంచు పడితే?" అంది.

"చక్రాలకు గొలుసులున్నాయి."

"చూపించు."

"ఇప్పుడా? చీకటి పడుతోందక్కా!"

"చూపించు నాయనా."

అతను నిట్టూర్చి కారు వెనక డిక్కీ తెరిచాడు. పాత గోనెల కింద, ఖాళీ సీసాల మధ్య గొలుసులున్నాయి. తుప్పు పట్టి ఉన్నాయి, కానీ ఉన్నాయి. గెర్గినా వంగి వాటిని రెండు చేతులతో పైకి తీసి, చలికి వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఒక్కొక్క కొక్కెమే పట్టుకుని లాగి చూడటం మొదలుపెట్టింది.